మంచులో లేని విమానం

మౌక్తిక గీసిన బొమ్మను లోకం ఫొటో అనుకుంది. మామూలుగా అయితే ఆమెకు అంతకంటే మెప్పు ఇంకోటి లేదు. పాత యుద్ధవిమానాలను కంప్యూటర్‌లో అచ్చం ఫొటోల్లా గీయడమే ఆమె బతుకుతెరువు. కరీంనగర్ నుంచి కోల్‌కతా వచ్చి గేములు తయారుచేసే కంపెనీలో చేరింది. అది మూతపడ్డాక కేష్టోపూర్‌లో ఒక అద్దె గదిలో కూర్చుని పుస్తకాలకూ, వీడియోలకూ విమానాలు గీసిపెడుతోంది.

కానీ ఈసారి గీసింది నిజంగా పోయిన విమానాన్ని. అరవయ్యో దశకం చివర్లో అరుణాచల్ కొండల్లోని సైనికులకు సరుకులు జారవిడవడానికి వెళ్లి, మళ్లీ కనబడకుండా పోయిన డకోటాను. ఇప్పుడది మంచులో ఎలా పడి ఉంటుందో ఊహించి గీయమని అడిగినవాడు జయంత్. పోయిన విమానాల కథలు చెప్పే వీడియో ఛానెల్ అతనిది. మౌక్తిక బొమ్మ కింద 'ఊహాచిత్రం' అని రాసి మరీ ఇచ్చింది. జయంత్ ఆ మాటను కత్తిరించి పారేసి, పైన 'దొరికింది!' అని పెట్టాడు. బొమ్మ వాట్సాప్‌లో పడి ఊళ్లూ రాష్ట్రాలూ దాటిపోయింది. తీసేయమని మౌక్తిక గొడవపడితే "తీసేది లేదు" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఆ వీడియో కింద జనం రాసిన మాటల్లో ఒకటి తెలుగులో ఉంది. 'ఇది మా మామగారు ఎక్కిన విమానం. మా అత్త బతికే ఉంది. ఎక్కడ దొరికిందో చెప్పండి బాబూ. రాజకుమారి, సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లు.'

అది చదివాక మౌక్తికకు అన్నం సయించలేదు. ఇలాంటి సంగతి ఫోన్‌లో చెప్పడం మర్యాద కాదనిపించింది. 'వచ్చి కలుస్తాను' అని మాత్రం ఆ మాట కిందే జవాబు రాసి, బొమ్మ గీసిన ట్యాబ్లెట్‌ను సంచీలో పెట్టుకుని బయల్దేరింది.

నది దాటడానికి బాబూఘాట్‌లో పడవెక్కేటప్పటికి వాన తెరిపిచ్చింది. హౌరాలో లోకల్ ఎక్కి కిటికీ పక్కన నిలబడి, చెప్పాల్సిన మాటను లోపల్లోపల వల్లెవేసుకుంది. 'అమ్మా, అది ఫొటో కాదు, నేను గీసిన బొమ్మ.' ఇంతే. ఎన్నిసార్లు అనుకున్నా 'అమ్మా' దగ్గరే ఆగిపోతోంది. ఆవిడను 'అమ్మా' అని పిలిచే హక్కు తనకేముంది?

సంత్రాగాఛిలో దిగి, యార్డు గోడ వెంబడి బురదలో నడిచి క్వార్టర్ల వరుస దగ్గరికి రాగానే, ఒక ఇంటి ముందు నిలబడి ఉన్న యాభై ఏళ్ల మనిషి గబగబా ఎదురొచ్చింది. చేతిలోని సంచీ లాక్కున్నంత పని చేసింది.

"మీరేనా ఛానెలు దిది? రండమ్మా, రండి. నానే రాజకుమారిని. అత్తా! వొచ్చినారు! వొచ్చినారే!"

పక్క క్వార్టర్ల వాళ్లు తలుపుల్లోంచి తొంగిచూశారు. ఒకావిడ చెయ్యెత్తి దండం పెట్టింది. మౌక్తిక తల దించుకుని లోపలికి నడిచింది.

గదిలో మంచం మీద సింహాచలమ్మ కూర్చుని ఉంది. పిట్టంత మనిషి. తెల్లటి నూలుచీర, సాగిపోయిన చెవితమ్మెలు. రైల్వే ఆసుపత్రిలో ఆయాగా చేసి ఎప్పుడో రిటైరయిన మనిషని రాజకుమారి చెప్పింది. మంచం ఎదురుగా, గోడకు ఆనించి, మౌక్తిక గీసిన బొమ్మ ఉంది. ఫొటో స్టూడియోలో నిలువెత్తున తీయించి, ఫ్రేము కట్టించి, కింద అగరొత్తి వెలిగించారు.

మౌక్తిక ట్యాబ్లెట్‌లో అరచేతంత ఉండే విమానం ఇక్కడ ఇంటిల్లిపాదినీ మింగేసేలా ఉంది. ఒక రెక్క మంచులో కూరుకుపోయింది. ముక్కు రాతికి గుద్దుకుని నలిగింది. ఎండకు వెలిసిన రంగు, అతుకుల వెంట కారిన తుప్పు, తోక మీద సగం చెరిగిన నంబరు. అన్నీ బాగా కుదిరాయి. మరీ బాగా కుదిరాయి.

"కూకో అమ్మా," అంది సింహాచలమ్మ. "అలా నిలబడిపోనావేటి? ఇలా రా. నా పక్కన కూకో."

మౌక్తిక మంచం అంచున కూర్చుంది. ముసలావిడ చెయ్యి చాచి బొమ్మలో విమానం పక్కన నల్లగా ఉన్న చోటును చూపించింది.

"ఇదిగో, ఈ గుమ్మం సూసినావా? దీనికి తలుపుండదు. ఊడదీసీసీవోరంట. మా తిరుపతిరావు ఈ గుమ్మంలో నిలబడి, నడుముకి తాడు కట్టుకొని, బియ్యం మూటలు కాలితో కిందకి తన్నీవోడు. అదే ఆయన పని. పైలట్టేటి కాదు, మూటలు తోసే సిపాయి. సెలవుకొచ్చినప్పుడు సెప్పీవోడు. 'ఒలే, కింద మబ్బులు దూదేకినట్టుంటాయి, దూకీబుద్దేస్తాది' అని. నాకు బయ్యమేసి నోరు మూసీదాన్ని."

డకోటాలతో సరుకులు వేసే రోజుల్లో తలుపులు తీసేసేవారన్న సంగతి మౌక్తిక వెతికి వెతికి తెలుసుకుంది. అందుకే తలుపు లేకుండా గీసింది. లోపలి చీకటి కోసం నలుపులో కొంచెం నీలం కలిపింది. ఆ చీకటి కుదిరిన పూట ఎంత మురిసిపోయిందో గుర్తొచ్చి, బొమ్మ మీంచి చూపు తిప్పుకుంది.

"నువ్వు దగ్గరకెల్లి సూసినావా పిల్లా?" సింహాచలమ్మ గొంతు తగ్గించింది. "లోపల ఏటైనా ఉన్నాదా? మనిసి ఉండడని నాకు తెలుసులే. అంత ఎర్రిదాన్ని కాను. ఎముకలు. బూట్లు. అవయినా."

రాజకుమారి టీ గ్లాసుతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె కూడా ఆ జవాబు కోసమే చూస్తోంది.

"అమ్మమ్మా," అంది మౌక్తిక. దారంతా వల్లెవేసుకున్న మాట ఎటుపోయిందో పోయింది. "నేనక్కడికి పోలేదు. ఎవ్వరూ పోలేదు. అది ఫొటో కాదు. నేనే గీసిన. నా గదిలో కూసోని, కంప్యూటర్‌ల గీసిన. విమానం దొరకలేదమ్మమ్మా."



మొదట తేరుకున్నది రాజకుమారి. టీ గ్లాసు కిటికీలో పెట్టి దగ్గరికొచ్చింది. "ఏటమ్మా ఆ మాటలు? బొమ్మయితే మంచు మీద నీడెందుకుంటాది?"

"నీడ కూడా గీస్తం."

"తుప్పు?"

"అది కూడా."

"మరి నంబరు? మా మామ ఎక్కిన ఇమానం నంబరు అదే. మా ఆయనకి చిన్నప్పుట్నుంచీ నోటికొచ్చు. నీకెలాగ తెలిసింది?"

"పోయిన విమానాల వివరాలు నెట్‌ల ఉంటయ్. అందులోంచి తీసుకున్న." మౌక్తిక గోడకున్న బొమ్మలోని నంబరు వైపు చూసింది. "ఏదో ఒక నంబరు రాసినా నడిచేది. కానీ నిజమైనదే ఉంటే బాగుంటదనుకున్న. దాని వెనక మనుషులుంటరని... అనుకోలే."

రాజకుమారి ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపులో ఇంకా కోపం లేదు, జాలి ఉంది. "ఎవులైనా బెదిరించినారా దిది? సర్కారోళ్లా? మాకు సెప్పు. మేం ఎవులికీ సెప్పం. నోరు మూసుకోమన్నారా నిన్ను?"

ఆ జాలి చూడలేక మౌక్తిక సంచీలోంచి ట్యాబ్లెట్ తీసింది. దాన్ని సింహాచలమ్మ ఒళ్లో పెట్టి బొమ్మ తెరిచింది. గోడకున్న విమానమే చిన్నదై ముసలావిడ మోకాళ్ల మీదికొచ్చింది.

తను గీసే బొమ్మ ఒక్క బొమ్మ కాదని, పలచటి గాజు పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పొరలు పొరలుగా ఉంటుందని చెప్పింది. ప్రతి పొర పక్కన చిన్న కన్ను గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ పొర కనబడకుండా పోతుంది. "చూడండి," అని మొదటి కన్ను మూసింది.

కురుస్తున్న మంచు ఆగిపోయింది. రెండోది మూసింది. రెక్క మీద పేరుకున్న మంచు పోయి, రెక్క మొండిగా బయటపడింది. తుప్పు పోయింది. ఇంజిన్ల వెనక కారిన నూనె మరకలు పోయాయి. నీడ పోయేసరికి విమానం నేలను వదిలి గాల్లో తేలుతున్నట్టయింది. తర్వాత నంబరు పొర. మౌక్తిక వేలు దాని మీద ఆగింది.

"తియ్యి," అంది సింహాచలమ్మ.

నంబరు పోయింది. రాజకుమారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

గుమ్మంలోని చీకటి పోయింది. తిరుపతిరావు నిలబడిన చోట బూడిదరంగు మిగిలింది. తర్వాత కొండలు పోయాయి, ఆకాశం పోయింది. చివరికి తెల్లటి తెర మీద మట్టిబొమ్మలా రంగు లేని విమానం ఒక్కటే ఉంది. అదెవరిదైనా కావచ్చు. మౌక్తిక ఆఖరి కన్ను కూడా మూసింది. తెర ఖాళీ అయిపోయింది.

రాజకుమారి గోడకు చేరబడి నేల మీదికి జారిపోయింది. ఆమె ఏడుపు పెద్దగా లేదు. ఎక్కిళ్లు పడుతున్నట్టుంది.

సింహాచలమ్మ ఖాళీ తెరను అరచేత్తో నిమిరింది. "మళ్లీ పెట్టు," అంది.

"అమ్మమ్మా..."

"పెట్టు. ఓపాలి సూస్తాను."

మౌక్తిక మూసిన పొరల కళ్లన్నీ ఒక్కొక్కటే తెరిచింది. కొండలు లేచాయి. విమానం మంచులోకి దిగింది. నంబరు వచ్చింది, చీకటి వచ్చింది, మంచు మళ్లీ కురవసాగింది. ముసలావిడ చాలాసేపు చూసింది.

"ఇంతేనా?" అంది చివరికి. "మనిసి పోయినప్పుడు శవం లేదన్నారు. గడ్డితో బొమ్మ సేసి, దానికి ఆయన చొక్కా తొడిగి కాల్చినారు. కడుపులో ఉన్న గుంటడితో నాను ఆ గడ్డిబొమ్మ సుట్టూ తిరిగినాను. అది ఆయన కాదని నాకు తెలుసు, కాల్చినోళ్లకి తెలుసు. అయినా ఏడ్సినాం. ఇదీ అంతే అనుకుంటే సరిపోను. కానీ ఈపాలి నమ్మేసినాను పిల్లా. పదిమందికీ సెప్పుకున్నాను. సెట్టంత కొడుకు ముందు సిన్నపిల్లలాగ గెంతినాను."

మౌక్తిక ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుండిపోయింది. తిడితే బాగుండుననిపించింది. కొట్టినా బాగుండును. ముసలావిడ అవేవీ చెయ్యలేదు. కాళ్లు మాత్రం మెల్లగా పక్కకు జరుపుకుంది.

"మీ అబ్బాయిగారికి కూడ నేనే చెప్త," అంది మౌక్తిక. "డ్యూటీ నుంచి ఎప్పుడొస్తరు?"

అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాజకుమారి ఏడుపు ఆగిపోయింది.

"మీ ఛానెలోళ్లు సెప్పనేదా?" అంది. "ఆయన ఊళ్లో లేడు. ఛుట్టీ పెట్టీసి, ఫొటో ఇంకోటి తీయించుకొని ఎల్లినాడు. డిబ్రూగఢ్ దాకా రైలు, అక్కణ్నుంచి జీపంట. ఆ కొండ ఎవులైనా ఆనవాలు పడతారేమోనని ఊరూరా సూపిస్తన్నాడు."

"ఎక్కడికి?"

"అరుణాచల్. వోళ్ల నాన్న దగ్గరికి."

బయట ఉరిమింది. వారం రోజులుగా ఈశాన్యంలో కొండచరియలు విరిగిపడుతున్నాయని ఫోన్‌లో చూస్తూనే ఉంది.

"ఆయన గుండెకి స్టెంటు ఏసినారు," అంది రాజకుమారి ఎవరికో చెప్పుకుంటున్నట్టు. "మెట్లెక్కితేనే ఆయాసం."

"ఆడు ఎల్లనన్నాడు," అంది సింహాచలమ్మ. "వానలు తగ్గినాక ఎల్తానన్నాడు. నానే ఆగనేదు. వానలు తగ్గీదాకా నానుంటానో ఉండనో, సచ్చేలోగా ఒక్క ఎముక తెచ్చి నా సేతిలో పెట్టరా అన్నాను. నానే పంపినాను." ఆవిడ మౌక్తిక గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "ఆ కొండయినా నిజమేనా? సెప్పు. కొండ ఎక్కడిది?"

మౌక్తిక అబద్ధం చెప్పలేకపోయింది. నిజం చెప్పే ధైర్యమూ రాలేదు. అయినా చెప్పింది. "మూడు నాలుగు కొండల ఫొటోలు కలిపి చేసిన. శిఖరం ఒకచోటిది, లోయ ఇంకోచోటిది. అసొంటి కొండ యాడ లేదమ్మమ్మా."

రాజకుమారి లేచి ఫోన్ అందుకుంది. భర్త అశోక్‌కుమార్‌కు చేసింది. అందుబాటులో లేరని రికార్డు చేసిన ఆడగొంతు బెంగాలీలో చెప్పింది. మళ్లీ చేసింది. మళ్లీ అదే. చేస్తూనే ఉంది. మౌక్తిక తన ఫోన్‌లోంచీ ప్రయత్నించింది. వాన పెరిగింది. పక్కింటావిడ ఏదో అడగబోయి వీళ్ల మొహాలు చూసి వెనక్కి పోయింది. టీ మీద మీగడ కట్టింది.

అంతలో రాజకుమారి చేతిలోని ఫోనే మోగింది.

"ఆయనే!" అంటూ స్పీకర్ నొక్కింది. గరగరమన్న చప్పుడు, నీళ్ల హోరు, ఆ హోరులోంచి ఒక మగగొంతు. అలిసిపోయి ఉంది, కానీ సంబరంగా ఉంది.

"రాజీ! అమ్మకియ్యి! అమ్మా, వినబడతందా? ఆనవాలు పట్టినాడే! ఇక్కడొకడు ఫొటో సూసీసి ఈ కొండ నాకు తెలుసన్నాడు. చిన్నప్పుడు మేకలు కాయడానికెల్లి ఇనపరెక్క సూసినాడంట! ఇప్పుడే బయల్దేరతన్నాం. పైకెల్తే సిగ్నలుండదు..."

"ఎల్లకండి!" రాజకుమారి అరిచింది. "అది బొమ్మంటండీ! ఇమానం లేదంట! ఎనక్కొచ్చీయండి!"

"ఏటి?"

మౌక్తిక ఫోన్ దగ్గరికి వంగింది. "అశోక్‌కుమార్ గారూ, నా పేరు మౌక్తిక. మీ చేతిల ఉన్న ఫొటో నేను గీసిన బొమ్మ. ఆ కొండ లోకంలనే లేదు. లేని కొండను చూసిన అంటున్నడంటే వాడు మిమ్మల్ని మోసం చేస్తున్నడు. కావాలంటే బొమ్మ ఎట్ల చేసిన్నో చూపిస్త. మీ అమ్మగారికి ఇప్పుడే చూపించిన. అడగండి. మీ కాళ్లు మొక్కుత, పైకి పోకండి."

అవతల అశోక్‌కుమార్ నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు.

"నువ్వొస్తావని సెప్పినారమ్మా," అన్నాడు. "ఒకమ్మాయి మా ఇంటికొస్తాదని, నేనే గీసినానని ఏడుస్తాదని, కంప్యూటర్లో ఏదో మాయ సేసి సూపిస్తాదని. ఎవులో డబ్బులిచ్చి పంపుతారంట. నమ్మొద్దన్నారు."

మౌక్తిక ఫోన్ మీదికి ఇంకా వంగింది. "ఎవరు చెప్పిన్రు?"

"ఛానెలు సారే. నాతోపాటే ఉన్నారు. కెమెరా అట్టుకొని నాతోనే కొండెక్కుతన్నారు. అమ్మా, నువ్వు బయపడకు. ఏడవకు. నాన్నని తెస్తాను."

"ఒరే నాయినా," సింహాచలమ్మ ఫోన్‌ను రెండు చేతుల్తో పట్టుకుంది. "నా మాటిను. నాను సూసినానురా. ఏటీ లేదు. తెల్లకాయితం. నాకు ఎముకొద్దు, ఏటొద్దు, నువ్వొచ్చీరా."

"నిన్ను కూడా బెదిరించినారా అమ్మా?" అన్నాడు కొడుకు. ఆ గొంతులో మొదటిసారి బాధ వినిపించింది. "ఏటి సేస్తారు సెప్పు మనల్ని? నాను మొగం సూడని నాన్నే. ఇంకోపాలి వదిలీలేను."

ఫోన్ చేతులు మారిన చప్పుడైంది. వాన హోరు దగ్గరికొచ్చింది. ఈసారి వినిపించింది వేరే గొంతు, నింపాదిగా, స్నేహంగా.

"మౌక్తికా, జయంత్‌ని. నువ్వు ఇప్పుడు మాట్లాడిందంతా రికార్డయింది. కాళ్లు మొక్కుతానన్న ముక్క చాలా బాగా వచ్చింది. థాంక్స్."

ఫోన్ తెగిపోయింది.

రాజకుమారి మళ్లీ నొక్కింది. అందుబాటులో లేరని అదే ఆడగొంతు అదే మాట చెప్పింది. గోడకున్న బొమ్మ ముందు అగరొత్తి ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

"ఆ రెండోది ఎవులి గొంతు?" అంది సింహాచలమ్మ. ఇందాకటి ముసలితనం ఆ మాటలో లేదు. "నిన్ను పేరెట్టి పిలిసినాడు. థాంక్సన్నాడు. నీకు తెలిసినోడేనా పిల్లా?"

మౌక్తిక తలెత్తేసరికి రాజకుమారి గుమ్మం దగ్గరుంది. వీధి తలుపు మూసి, గడియ వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది.